సినిమా చూపించని ఇరవై ఏళ్లు

టిమ్ బర్టన్ తీసిన ‘ఎడ్ వుడ్’ చివరికొచ్చేసరికి హాలీవుడ్‌లోని పాంటేజెస్ థియేటర్ కిటకిటలాడుతుంటుంది. బయట జోరున వాన. లోపల ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ మొదటి ఆట. దర్శకుడు ఎడ్ వుడ్ వేషంలో ఉన్న జానీ డెప్ తెరవైపు చూసి, జనం తనను గుర్తుపెట్టుకునేది ఈ సినిమాతోనేనని మురిసిపోతాడు. ఆట పూర్తయ్యేదాకా కూడా ఉండడు. ప్రియురాలు కేథీని వెంటబెట్టుకుని, లాస్ వేగాస్ వెళ్లి పెళ్లి చేసుకుందామని కారెక్కుతాడు. కారు టాపు పైకి లేవనంటుంది. ఇద్దరూ తడుస్తూనే వెళ్లిపోతారు.

చూడముచ్చటైన అబద్ధం ఇది. అసలు సినిమా 1957 మార్చి 15న లాస్ ఏంజిలిస్‌లో కార్ల్‌టన్ అనే హాల్లో, ‘గ్రేవ్ రాబర్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ అన్న పాత పేరుతో ప్రివ్యూ పడింది. డిస్ట్రిబ్యూటర్ దొరికి జనం ముందుకు రావడానికి 1959 దాకా పట్టింది. వచ్చాకా పట్టించుకున్నవాడు లేడు. తెరమీద నడిరేయి వానలో వెళ్లిపోయిన ఆ మనిషి నిజంగా వెళ్లిన చోటు వేగాస్ కాదు. ఆ దారి ఇరవై ఏళ్ల పొడుగు. బర్టన్ సినిమాలో దానికి దక్కింది ఆఖర్న పడే రెండు మూడు వాక్యాల అక్షరాలే.

అలా ఆపేయాలన్న నిర్ణయం రచయితలది. స్కాట్ అలెగ్జాండర్, లారీ కరాజెవ్‌స్కీ ఇద్దరూ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదువుతూ ఒకే గదిలో ఉన్నవాళ్లు. 1990లో వాళ్లు రాసిన ‘ప్రాబ్లమ్ చైల్డ్’ ఆడింది గానీ విమర్శకులు దాన్ని ఉతికి ఆరేశారు. అప్పట్నించీ ఇద్దరి మీదా పిల్లల చవకబారు కామెడీ రాసేవాళ్లన్న ముద్ర పడిపోయింది. ప్రపంచంలోకెల్లా చెత్త దర్శకుడని పేరుపడ్డ మనిషి మీదికి వాళ్ల మనసు మళ్లడం వింతేమీ కాదు. 1992లో రుడాల్ఫ్ గ్రే రాసిన వుడ్ జీవితకథ వచ్చింది. వుడ్‌ను ఎరిగిన వాళ్లందరి చేతా చెప్పించి, ఒకరి మాటకు ఇంకొకరి మాట పొసగకపోయినా అలాగే అచ్చేసిన పుస్తకం అది. దాన్ని దగ్గర పెట్టుకుని రచయితలిద్దరూ ఆరు వారాల్లో స్క్రిప్టు రాసేశారు. అందరూ నవ్విన మనిషిని తాము వెక్కిరించకూడదనేది వాళ్ల పట్టుదల. అందుకే కథను పతనం మొదలుకాక ముందే, మనిషి ఇంకా ఆశతో వెలిగిపోతుండగానే ఆపారు.

మన ‘మహానటి’ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. 2018లో వచ్చిన ఆ సినిమా సావిత్రిని కోమాలో చూపించే మొదలవుతుంది. ఎంత నవ్వించినా, ఎంత మెరిపించినా చివరికి ఎక్కడికి చేరతామో ప్రేక్షకుడికి ముందే తెలుసు. రెండు పద్ధతుల్లో ఏది మేలో తేల్చి చెప్పలేను. వుడ్ విషయంలో మాత్రం, ఆపడంలో ఉన్న దయ నాకర్థమైనా ఆపిన చోటనే కథ అయిపోయిందని నమ్మబుద్ధి కాదు.

బర్టన్‌కు ఈ కథ ఎందుకు పట్టిందో తెలియాలంటే విన్సెంట్ ప్రైస్‌ను తలుచుకోవాలి. భయానక చిత్రాలతో పేరు తెచ్చుకున్న ఆ పెద్ద నటుణ్ని బర్టన్ చిన్నప్పట్నించీ ఆరాధించాడు. 1990లో ‘ఎడ్వర్డ్ సిజర్‌హ్యాండ్స్’లో ఆయనకు వేషమిచ్చాడు. వయసుడిగిన నటుడు, ఆయన్ను దేవుడిలా చూసుకునే కుర్ర దర్శకుడు: వుడ్‌కూ, ‘డ్రాక్యులా’ నటుడు బేలా లుగోసీకీ మధ్య ఉన్నది సరిగ్గా ఇదే బంధం. 1993 ఆగస్టులో షూటింగ్ మొదలైంది. అది సాగుతుండగానే అక్టోబర్ 25న ప్రైస్ కన్నుమూశాడు.

సినిమా పట్టాలెక్కడం కూడా తేలిగ్గా జరగలేదు. ‘బ్యాట్‌మ్యాన్’ తీసి కోట్లు కురిపించిన దర్శకుడే అయినా, బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తాననేసరికి కొలంబియా సంస్థ వదిలేసుకుంది. మేకప్ నిపుణుడు రిక్ బేకర్ మార్టిన్ లాండౌను లుగోసీగా మారుస్తూ పరీక్షలు చేస్తుంటే, అసలు లుగోసీ కళ్లు ఏ రంగువన్న ప్రశ్న వచ్చిందట. ఆ మనిషిని లోకం నలుపు తెలుపుల్లోనే చూసింది. ఇంక రంగులెందుకు? చివరికి డిస్నీ వాళ్ల టచ్‌స్టోన్ 1 కోటి 80 లక్షల డాలర్ల బడ్జెట్‌కు ఒప్పుకుంది. బర్టన్ తన పారితోషికం వదులుకున్నాడు. వుడ్ తన బతుకంతా తీసిన సినిమాలన్నిటి ఖర్చూ కలిపినా అందులో ఓ మూలకు రాదు.

లాండౌను ఎంచుకోవడంలోనే సగం సినిమా ఉంది. 1960ల్లో ‘మిషన్: ఇంపాజిబుల్’ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన నటుడు. తర్వాత పదిహేనేళ్లకు పైగా జారుతూ జారుతూ, బాస్కెట్‌బాల్ జట్టుతో కలిసి ఆడే టీవీ తమాషాల్లో వేషాలేసే స్థితికొచ్చాడు. 1988లో ‘టకర్’, మరుసటేడు ‘క్రైమ్స్ అండ్ మిస్‌డిమీనర్స్’ ఆయన్ను మళ్లీ నిలబెట్టాయి. ఫోను మోగని ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇక లుగోసీ. పుట్టింది 1882లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీలోని లుగోస్ పట్నంలో. పేరులోకి వచ్చింది ఆ ఊరే. 1931లో ‘డ్రాక్యులా’ ఆయన్ను ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. ఏడు వారాల పనికి వారానికి 500 డాలర్ల చొప్పున 3,500 డాలర్లు ఇచ్చి స్టూడియో లాభాలు మూటకట్టుకుంది. ఆ వెంటనే ‘ఫ్రాంకెన్‌స్టయిన్’లో మాటల్లేని రాక్షసుడి వేషం తనకు తగదని వదులుకుంటే, అది బోరిస్ కార్లాఫ్ చేతికెళ్లింది. కార్లాఫ్ పైకెళ్లాడు. లుగోసీ నల్ల అంగీలోనే ఉండిపోయాడు. నొప్పులకని మొదలైన మత్తుమందు చివరికి ఆయన్నే తినేసింది. 1955 ఏప్రిల్‌లో తనంతట తానే వెళ్లి నార్వాక్‌లోని ప్రభుత్వాసుపత్రిలో చేరాడు. డెబ్బై రెండేళ్ల వయసులో, పేరున్న నటుడు, నాకు ఈ అలవాటుంది, వైద్యం చేయండి అని లోకం ముందు ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

అప్పటికి ఆయన గుమ్మం తొక్కుతున్న దర్శకుల్లో ముందువరసలో ఉన్నవాడు వుడ్. న్యూయార్క్ రాష్ట్రంలోని పొకీప్సీలో 1924లో పుట్టి, యుద్ధంలో మెరైన్ దళంలో పనిచేసి, సినిమా పిచ్చితో హాలీవుడ్ చేరినవాడు. 1953లో ‘గ్లెన్ ఆర్ గ్లెండా’ తీశాడు. ఆడవాళ్ల బట్టలు కట్టుకోవాలనిపించే మగవాడి కథ అది. ఆ మగవాడు వుడ్డే. తెరమీదా, తెరవెనకా. మెత్తటి అంగోరా స్వెట్టర్లంటే అతనికి ప్రాణం. అప్పట్లో సంచలనమైన లింగమార్పిడి వార్తను సొమ్ము చేసుకుందామని నిర్మాత అడిగింది ఒకటైతే, వుడ్ తన రహస్యాన్ని తనే తెరమీద పెట్టి లోకాన్ని దయ చూపమని అడిగాడు. సినిమాగా చూస్తే అతుకుల బొంతే. కానీ 1953 అమెరికాలో ఆ పని చేయడానికి ఇంకెవరికి గుండె ఉంది?

‘బ్రైడ్ ఆఫ్ ది మాన్‌స్టర్’కు అరిజోనాలోని మాంసం వ్యాపారి డబ్బు పెట్టాడు. ఆయన కొడుకే కథానాయకుడు. బర్టన్ చూపించినదాని ప్రకారం లుగోసీ నీళ్లలో పడుకుని, కదలని రబ్బరు ఆక్టోపస్ కాళ్లను తనే చేతులతో ఆడించుకుంటూ దానితో పోరాడాలి. నవ్వొస్తుంది. ఆ నీళ్లలో ఉన్నది ఎవరో గుర్తొచ్చాక మాత్రం నవ్వు సగంలో తెగుతుంది.

1956 ఆగస్టు 16న లుగోసీ గుండెపోటుతో పోయాడు. డ్రాక్యులా అంగీ తొడిగే సమాధి చేశారు. అంతకుముందు వుడ్ ఆయనతో కొన్ని నిమిషాల మూగ దృశ్యాలు తీసి ఉంచాడు. ఇంట్లోంచి బయటికొచ్చి పువ్వు వాసన చూడటం, శ్మశానంలో నడవటం. వాటి చుట్టూ అల్లిందే ‘ప్లాన్ 9’. మిగతా దృశ్యాలకు డూప్‌గా ఓ కైరోప్రాక్టర్, అంటే వెన్నెముక సరిచేసే వైద్యుడు, దొరికాడు. పొడుగూ రూపూ ఏ కోశానా కలవవు. అందుకే అంగీ మొహానికి అడ్డం పెట్టుకుని నడుస్తుంటాడు. డబ్బు బాప్టిస్టు చర్చి భక్తులది. వాళ్లు తృప్తిపడాలని నటుల్లో కొందరు బాప్తిస్మం కూడా తీసుకున్నారు. సినిమాలోని ఎగిరే పళ్లేలు కాగితం ప్లేట్లని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, నిజానికవి పిల్లలు జోడించుకునే ప్లాస్టిక్ బొమ్మలు. ఒకే సన్నివేశంలో పగలూ రాత్రీ దొర్లుతుంటాయి. మన పరిశ్రమ భాషలో చెప్పాలంటే చుట్టేశాడు. కానీ సినిమా చుట్టేసేవాడికి అది డబ్బు లెక్క. వుడ్ ప్రతి టేకూ మొదటిసారికే అద్భుతమనుకున్నాడు.

‘ఎడ్ వుడ్’ ఆ నమ్మకాన్ని పట్టుకుంది, దాన్ని చూసి నవ్వించింది, నవ్విన మన మనసు చివుక్కుమనేలా చేసింది. బార్‌లో వుడ్ ఆర్సన్ వెల్స్‌ను కలుసుకునే దృశ్యం కల్పన. అయినా సినిమాకంతటికీ గుండెకాయ అదే. ప్రపంచంలో మేటి దర్శకుడూ, అందరికన్నా కింద ఉన్నవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఫైనాన్షియర్ల మీద ఒకే రకం ఫిర్యాదు చెప్పుకుంటారు. వుడ్ అసలు బృందంలో నటించిన కాన్రాడ్ బ్రూక్స్, గ్రెగరీ వాల్‌కాట్ కూడా చిన్న వేషాల్లో కనబడతారు.

1994 సెప్టెంబర్‌లో న్యూయార్క్ చిత్రోత్సవంలో సినిమా వేస్తే విమర్శకులు మెచ్చుకున్నారు. తర్వాత హాళ్లకొచ్చింది. ఆడలేదు. అమెరికాలో వచ్చింది 59 లక్షల డాలర్లు, అంటే పెట్టినదాంట్లో మూడో వంతు. అదే డిస్నీ, అదే ఏడు వేసవిలో ‘లయన్ కింగ్’తో వసూళ్ల వరద చూసింది. జనం వుడ్ సినిమాలను ఆడనివ్వలేదు, వుడ్ మీద తీసిన సినిమానూ ఆడనివ్వలేదు. మరుసటేడు లాండౌకు ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ వచ్చింది, బేకర్ బృందానికి మేకప్ ఆస్కార్ వచ్చింది. లుగోసీకి బతికుండగా నామినేషనైనా రాలేదు. ఆయన వేషం వేసిన నటుడికీ, ఆయన ముడతలు దిద్దిన చేతులకూ బొమ్మలు దక్కాయి.

ఇప్పుడు ఆ కారు వెళ్లిన దారి. ‘ప్లాన్ 9’ తర్వాత వుడ్ ‘నైట్ ఆఫ్ ది ఘూల్స్’ తీశాడు. ల్యాబుకు కట్టాల్సిన బిల్లు కట్టలేకపోయాడు. రీళ్లు అక్కడే ఉండిపోయాయి. పాతికేళ్లు దాటాక, 1984లో, ఇంకెవరో ఆ బాకీ తీర్చి వీడియోగా విడుదల చేశారు. అప్పటికి వుడ్ పోయి ఆరేళ్లు. ప్రేక్షకులు చూస్తున్న తన సినిమాను చూసుకునే భాగ్యం, అది ఎంత చెత్తదైనా సరే, ప్రతి దర్శకుడికీ ఉంటుంది. అతనికి అదీ మిగల్లేదు. నాకు వుడ్ కథలో అన్నిటికన్నా బాధనిపించేది ఇదే.

1960లో ‘ది సినిస్టర్ అర్జ్’ తర్వాత డైరెక్షన్ పని దాదాపు ఎండిపోయింది. టైపు మిషను ముందు కూర్చుని చవకరకం బూతు నవలలు రాశాడు, పదుల కొద్దీ. 1965లో ‘ఆర్జీ ఆఫ్ ది డెడ్’కు స్క్రిప్టు ఇచ్చాడు. శ్మశానంలో అర్ధనగ్న నృత్యాలు తప్ప కథ లేని సినిమా అది. 1970, 71ల్లో మళ్లీ కెమెరా వెనక నిలబడ్డాడు గానీ అవి పెద్దలకు మాత్రమేనంటూ చీకటి హాళ్లలో ఆడేవి. చేతికొచ్చేది కొంచెం, దానిలో సీసాకు పోయేది చాలా. చుట్టూ ఉన్న బృందం చెదిరిపోయింది. బట్టతల మల్లయోధుడు టోర్ జాన్సన్ 1971లో పోయాడు. ‘గ్లెన్ ఆర్ గ్లెండా’ రోజుల ప్రియురాలు డొలోరెస్ ఫుల్లర్ ఎప్పుడో విడిపోయి, ఎల్విస్ ప్రెస్లీకి పాటలు రాసేంత ఎదిగింది. కేథీ ఒక్కతే వెళ్లలేదు.

ఇద్దరూ హాలీవుడ్‌లోని యక్కా వీధిలో ఓ నాసిరకం అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు. అద్దె బాకీ పేరుకుంది. 1978 డిసెంబర్ 7, గురువారం నాడు బయటికి వెళ్లగొట్టారు. రాతప్రతులు చాలావరకు అక్కడే పోయాయి. నటుడు పీటర్ కో అనే స్నేహితుడు తన ఇంట్లో చోటిచ్చాడు. ఆదివారం, డిసెంబర్ 10న, ఆ ఇంట్లోనే పడకగదిలో వుడ్‌కు గుండె ఆగింది. వయసు 54. చితాభస్మం సముద్రంలో కలిపారు.

రెండేళ్లకు, 1980లో, హ్యారీ మెడ్వెడ్, మైకేల్ మెడ్వెడ్ సోదరులు ‘గోల్డెన్ టర్కీ అవార్డ్స్’ అనే పుస్తకం తెచ్చారు. పాఠకుల ఓట్లతో ‘ప్లాన్ 9’ అన్ని కాలాల్లోనూ అతి చెత్త సినిమా అయింది. దర్శకుల్లో ఆ బిరుదు వుడ్‌దే. అక్కణ్నించి అర్ధరాత్రి ఆటలు, అభిమాన సంఘాలు, పుస్తకాలు, బర్టన్. బతికుంటే సిగ్గుపడేవాడంటారు కొందరు. నేననుకోను. ఆ పుస్తకం చంకన పెట్టుకుని, ఉన్నదాంట్లో మంచి సూటు తొడుక్కుని, నా పేరు అచ్చులో వచ్చింది చూడండి, తర్వాతి సినిమాకు స్క్రిప్టు రెడీగా ఉంది అంటూ ఫైనాన్షియర్ల గుమ్మాలన్నీ మళ్లీ మొదట్నించీ ఎక్కేవాడు.