చివరి ఇంటి దాకా

బందరు. సోమవారం పొద్దున్న పది ఇంకా కాలేదు. కలెక్టరేట్ ఆవరణలో వరస అప్పుడే వరండా దాటి ఎండలోకి వచ్చేసింది. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లే. వాటిలో పాస్‌పుస్తకాల జెరాక్సులు, ఆధార్ కార్డులు, మడతల దగ్గర చిరుగుతున్న పాత అర్జీలు. కోడూరు నుంచి తొలి బస్సుకి వచ్చిన పెద్దాయన చెప్పులు విడిచి వాటి మీదే కూర్చున్నాడు. మీరు ఆయన వెనకే నిలబడ్డారు. చెట్టు కింద అర్జీలు రాసిపెట్టే కుర్రాడి దగ్గర ఒకామె వంగి అడుగుతోంది.

"బాబూ, పోయినసారి రాసిందే మళ్ళీ రాస్తావా, ఇంకేమన్నా కలపాలా?"

"అది ఏమైందమ్మా?"

"అయిపోయిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏమీ అవలేదు."

వరస కదిలింది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి పేరు, ఊరు, ఫోన్ నంబరు కొట్టి, కాగితానికి ఒక నంబరు వేసి ఇస్తుంది. ఆ తర్వాత హాల్లోకి. ఎదురుగా కలెక్టరు, పక్కన జాయింట్ కలెక్టరు, చుట్టూ శాఖల అధికారులు. పెద్దాయన అర్జీ ఇచ్చి చేతులు కట్టుకున్నాడు. మురుగు కాలువలో గుర్రపు డెక్క అల్లుకుపోయింది, నీరు లాగడం లేదు, ఊడ్చిన చేను వారం రోజులుగా మునిగి ఉంది. ఆయన చెప్పింది ఇంతే. కలెక్టరు తలెత్తి సంబంధిత శాఖ ఇంజనీరును పిలిచి కాగితం అందించారు. నిమిషం పట్టలేదు.

ఈ ఏర్పాటుకి పేర్లు చాలా మారాయి. కొన్నాళ్ళు మీకోసం అన్నారు, 2019 తర్వాత స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. జనం మాత్రం "గ్రీవెన్సుకి వెళ్ళొచ్చాం" అనే చెప్పుకుంటారు. ఇందులో మేలు లేదనకూడదు. కాగితానికి నంబరు ఉంది, గడువు ఉంది, 1100కి ఫోన్ చేసి అది ఎవరి బల్ల మీద ఉందో అడగవచ్చు. ఒకప్పుడు మునసబు దాటి లోకం తెలియని మనిషి ఇవాళ జిల్లా అధికారి ఎదుట నిలబడి మాట్లాడుతున్నాడు. అది చిన్న సంగతి కాదు.

బయటికి వచ్చాక పెద్దాయన మీతో అంటాడు: "ఇచ్చాం కదండీ. ఇక చేనిదాకా వచ్చేదెవరో చూడాలి."

ఆ మాట పట్టుకుని బయల్దేరండి. ప్రభుత్వం ఎంతవరకు వస్తుందో చూడాలంటే కాలువల వెంట, చివరి చేను దాకా పోవాలి.

బందరు స్టేషన్లో రైలెక్కితే చిలకలపూడి, పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటి గుడివాడ. దారి పొడవునా పచ్చటి వరి. ఊడ్పులు చాలావరకు అయిపోయాయి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల డెల్టా సాగులోకి వచ్చింది. 1957లో ఆ చోటే ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీరు కాలువ తలలో ఉన్నవాడికి ముందు అందుతుంది, శివారువాడికి చివర. బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రైతు నారుమడి ఎండుతుంటే రాత్రిళ్ళు టార్చి పట్టుకుని కాలువ గట్టు మీద నడుస్తాడు, పైన ఎవరు తూము ఎత్తారో చూడటానికి.

గుడివాడ పక్క ఊళ్ళో దిగండి. పంచాయతీ ఆఫీసు అరుగు మీద నీటి సంఘం సమావేశం జరుగుతోంది. ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోతే మిగతావాళ్ళు బైకుల మీద కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు పుస్తకం తెరిచాడు. ఎదుట నీటిపారుదల శాఖ ఏఈ.

"ఏఈ గారూ, మన వంతు ఎప్పుడు?"

"రేపు రాత్రి నుంచి వదులుతామండి."

"పోయిన వంతుకీ అదే అన్నారు. పై లాకు దగ్గర లస్కరే లేడు. తలుపు ఎవరు దించుతారు?"

ఏఈ జవాబు వెతుక్కుంటున్నాడు. ఇంకో రైతు లేచాడు. "పూడిక తీతకి ఎంత వచ్చింది, ఎక్కడ నుంచి ఎక్కడికి తీశారు? ఆ లెక్క చదవండి బాబాయ్, వింటాం."

అధ్యక్షుడు చదువుతాడు. మీటర్లు, రూపాయలు, కాంట్రాక్టరు. "ఆ మలుపు దగ్గర మిషను దిగనే లేదు" అని ఒక గొంతు. "దిగింది, నేను చూశా" అని ఇంకో గొంతు. చివరికి తెల్లారాక అందరూ కలిసి వెళ్ళి చూద్దామని తేలింది. ఏఈ కూడా వస్తానన్నాడు.

ఈ సంభాషణ జరగడానికి ఒక చట్టం కావలసి వచ్చింది. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల చేతికి కాలువల నిర్వహణ అప్పగిస్తూ చట్టం చేసింది. ఆ జూన్‌లోనే పది వేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. పూడిక తీయడానికి డబ్బు, దాని లెక్క చెప్పాల్సిన బాధ్యత రెండూ ఊరికి వచ్చాయి. ఇతర రాష్ట్రాలు, ఇతర దేశాల వాళ్ళు ఇక్కడికి వచ్చి చూసి వెళ్ళారు. తర్వాత ఎన్నికలు జరగని ఏళ్ళు వచ్చాయి. సంఘం కాగితం మీద ఉంది, అడిగే సభ లేదు. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు పెట్టారు. ఈ అరుగు మీద ఇవాళ కోపంగా మాట్లాడుతున్న రైతుకి ఆ కోపం పెట్టుకునే చోటు మళ్ళీ దొరికింది. దాన్ని ఇంకోసారి మూసేయకుండా చూసుకోవాలి.

గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా మోపిదేవి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. పాయ మీదుగా కట్టిన అక్విడక్టులో సాగునీరు నది నెత్తిన ప్రవహిస్తూ దీవిలోకి వెళ్తుంది. ఇక్కడి నుంచి దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక. రోడ్డు సన్నబడుతుంది, చేల మధ్య చెరువులు కనిపిస్తాయి, గాలిలో ఉప్పు వాసన. పాలకాయతిప్ప దగ్గర కరకట్ట ఎక్కి దక్షిణంగా తిరగండి. ముందు మడ అడవి, దాని అవతల సముద్రం.

ఈ గట్టు మీద నిలబడి 1977 నవంబరు 19లోకి వెళ్ళండి. శనివారం. పొద్దున్నుంచి గాలి. మధ్యాహ్నానికి తాటాకు కప్పులు లేచిపోతున్నాయి. ఆకాశవాణి తుపాను హెచ్చరిక చెప్పింది. విన్న ఇళ్ళలో తలుపులు బిగించుకున్నారు, రేడియో లేని ఇళ్ళలో అదీ లేదు. ఇంటికి వచ్చి, "లెండి, ఇప్పుడే బయల్దేరండి, ఫలానా చోటికి" అని చెప్పి బండెక్కించే మనిషి లేడు. ఎక్కి నిలబడడానికి ఎత్తైన కట్టడం లేదు. చీకటి పడుతుండగా ఉప్పెన. అయిదు మీటర్ల ఎత్తున నీటి గోడ కదిలి వచ్చింది. పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తినవాళ్ళున్నారు, తుమ్మచెట్ల కొమ్మలకు చీరలతో కట్టేసుకున్నవాళ్ళున్నారు. తెల్లవారేసరికి ఊళ్ళకు ఊళ్ళు లేవు. పది వేల ప్రాణాలు పోయాయంటే తక్కువ చెప్పినట్టే. తీగలు తెగి, రోడ్లు తెగి, ఎంత నష్టం జరిగిందో బయటి లోకానికి తెలియడానికే రోజులు పట్టింది. ఇక్కడి శాసనసభ్యుడు, అప్పటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు సహాయంలో, పునరావాసంలో తిరిగిన తిరుగుడు దివిసీమ ఇప్పటికీ చెప్పుకుంటుంది. మదర్ థెరీసా వచ్చారు. దేశం నలుమూలల నుంచి బట్టలు, బియ్యం వచ్చాయి. అదంతా ఉప్పెన తర్వాత వచ్చింది.

అంతకు 113 ఏళ్ళ ముందే, 1864 నవంబరు 1 రాత్రి, ఇలాంటి ఉప్పెనే బందరును ముంచింది. దాదాపు 30 వేల మంది పోయారు. సముద్రం హెచ్చరించలేదని ఎవరూ అనలేరు.

ఇప్పుడు 1977 నుంచి పదమూడేళ్ళు ముందుకి రండి. 1990 మే 9, బుధవారం. 1977 కంటే తక్కువది కాని తుపాను ఇదే తీరం మీదికి వస్తోంది. మీరు నాగాయలంక మండలంలో ఒక మత్స్యకార పల్లె వీధిలో ఉన్నారు. లారీ ఇంజను ఆపకుండా నిలబెట్టారు. ఎమ్మార్వో ఆఫీసు మనుషులు, కానిస్టేబుళ్ళు గుడిసె గుడిసెకీ తిరుగుతున్నారు.

"రాను నాయనా. గేదెని వదిలి ఎక్కడికి రాను?"

"గేదెని విప్పి వదిలెయ్యి మామ్మా, అదే గట్టెక్కుతుంది. నువ్వు రా."

"మా ఆయన వలలు సర్దుతున్నాడు."

"వలలు మళ్ళీ కొనుక్కోవచ్చు. డెబ్బై ఏడు మర్చిపోయావా?"

మామ్మ లారీ ఎక్కింది. ఇలా తీరం పొడవునా లక్షల మందిని కదిలించారు. ఆ తుపానులో చనిపోయినవారు 967 మంది. ఒక్కొక్కరూ ఒక ఇంటి దుఃఖమే, అయినా 1977తో పోల్చి చూస్తే ఎన్ని వేల ఇళ్ళు నిలబడ్డాయో తెలుస్తుంది.

ఈ పదమూడేళ్ళలో మారినదేమిటి? తీరాన తుపాను షెల్టర్లు లేచాయి. తుపాన్లను కనిపెట్టే రాడార్ బందరులో వచ్చింది. వీటి గురించి అందరూ చెబుతారు. పెద్దగా ఎవరూ తలవని మార్పు ఇంకొకటుంది. 1984లో మునసబు కరణాల పదవులు పోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒకప్పుడు దివి తాలూకా అంతటికీ ఒక తహసీల్దారు ఉండేవాడు. 1990 నాటికి నాగాయలంకకి ఒక అధికారి, కోడూరుకి ఒక అధికారి. పల్లె ఖాళీ చేయించడం అతని పని. ఖాళీ కాకపోతే అడిగేది అతన్నే. ఆఫీసు దగ్గరికి రావడంతో బాధ్యతకి ఒక పేరు వచ్చింది. దానికి తోడు, 1977 మళ్ళీ జరిగితే ప్రజలకు మొహం చూపించలేమన్న భయం పైనుంచి కింది దాకా ఉంది. అలాంటి భయం ప్రజాస్వామ్యానికి ఆరోగ్యం.

అప్పటి నుంచి ఈ అలవాటు గట్టిపడింది. 2004లో బందరుకి డాప్లర్ రాడార్ వచ్చింది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చి, జిల్లాలో కలెక్టరును జవాబుదారీ చేసింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది, బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంత ఎప్పుడూ లేదు. అప్పుడు దిగువన కరకట్ట వెంట ఊళ్ళ జనం, ఇరిగేషన్ సిబ్బంది కలిసి రాత్రంతా ఊటలు వెతికారు, ఇసుక బస్తాలు వేశారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటే ముందే ఫోన్లన్నీ తెలుగులో హెచ్చరికలతో మోగాయి. గర్భిణుల్ని ముందే ఆసుపత్రులకు చేర్చారు. యంత్రాంగానికి చేతకాదన్న మాట ఈ తీరంలో ఎవరూ అనలేరు.

అందుకే పాలకాయతిప్ప నుంచి వెనక్కి వస్తూ కోడూరు దగ్గర ఆగినప్పుడు బాధ కలుగుతుంది. పెద్దాయన చెప్పిన మురుగు కాలువ ఇదే. గుర్రపు డెక్క ఊదారంగు పూలు పూసి నీటి జాడ లేకుండా పరుచుకుంది. పక్క చేలో మోకాటి లోతు నీరు, కుళ్ళుతున్న వరి. కాలువ ఒడ్డున ఒక కుర్రాడు చేత్తో డెక్క లాగి గట్టున వేస్తున్నాడు.

"ఎన్నాళ్ళు లాగుతావు తమ్ముడూ?"

"మిషను వచ్చేదాకా అన్నా. వేసవిలో తీయాలి దీన్ని. నీళ్ళు వదిలాక ఎవడు దిగుతాడు?"

తుపాను రోజున పల్లె ఖాళీ అయిందని అధికారి రాయాలంటే చివరి గుడిసెలో మనిషి లేడని కళ్ళతో చూడాలి. మామూలు రోజున అర్జీ పరిష్కారమైందని రాయడానికి ఆఫీసులో ఒక మీట నొక్కితే చాలు. తేడా అంతా ఇక్కడే ఉంది. మొదటి పనికి సాక్షి జనం. రెండో పనికి సాక్షి ఆ పని చేయాల్సినవాడే. మన సంస్థలకు శక్తి ఉంది, డబ్బు కొంతైనా ఉంది, అనుభవం పుష్కలంగా ఉంది. లేనిది ఆ సాక్ష్యం.

దాన్ని తెచ్చుకునే దారి కూడా ఈ రాష్ట్రంలోనే ఉంది. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి సామాజిక తనిఖీ జరుగుతోంది. పంచాయతీ దగ్గర మస్టరు పేరు పేరునా గట్టిగా చదువుతారు. "ఆ వారం నేను ఊళ్ళోనే లేను, నా పేరున కూలి ఎలా పడింది?" అని ఒక కూలీ లేచి అడిగితే మండల ప్రజావేదికలో అధికారి జవాబు చెప్పుకోవాలి. కూలీ డబ్బుకి పనికొచ్చిన పద్ధతి మురుగు కాలువ పూడికకి పనికిరాదా? అర్జీ మూసేముందు అర్జీదారు చేలోనే సంతకం పెట్టాలి. పెట్టనంటే అది తెరిచే ఉండాలి. డ్రెయిన్ల అంచనాలు, బిల్లులు ఏప్రిల్, మే నెలల్లో ఊళ్ళో చదవాలి, జూన్‌లో నీళ్ళు వదిలేలోపు నడిచి చూడాలి. నీటి సంఘాల ఎన్నికలు గడువుకి జరగాలి. ఒక్క లాకు దగ్గర కూడా లస్కరు పోస్టు ఖాళీగా ఉండకూడదు.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే గ్రామసభకి వెళ్ళండి. మీ ఊరి మురుగు కాలువకి ఎంత మంజూరైంది, ఎవరు తీస్తున్నారు, ఎప్పటికి తీస్తారు అని అడగండి. జవాబు ఇచ్చినవారి పేరు, మీరు అడిగిన ప్రశ్న, చెప్పిన తేదీ మూడూ తీర్మానం పుస్తకంలో రాయించి, ఆ తేదీ నాడు పది మందిని వెంటబెట్టుకుని కాలువ దగ్గరికి వెళ్ళండి.