బనీనుకు పట్టే రంగు జెర్సీకి పట్టదేం?

1992 ఆగస్టులో బార్సిలోనా ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ పతకాల ప్రదానం చూసినవారికి ఒక వింత దృశ్యం గుర్తుండే ఉంటుంది. కాంస్యం గెలిచిన లిథువేనియా ఆటగాళ్ళు తమ జెండాలోని పసుపు, ఆకుపచ్చ, ఎరుపు కలగలిసిన టై-డై చొక్కాలతో వేదికెక్కారు. సోవియట్ యూనియన్ నుంచి బయటపడి, ప్రపంచ గుర్తింపు దొరికి అప్పటికి ఏడాదైనా నిండలేదు. డబ్బుకు కటకటలాడుతున్న ఆ జట్టుకు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ సంగీత బృందం సాయం చేసి, ఆ చొక్కాలు కూడా పంపింది.

నాలుగు రబ్బరు బ్యాండ్లు, ఒక బకెట్టు ఉంటే అలాంటి నూలు చొక్కా ఇంట్లోనే తయారవుతుంది. ముడివేసి రంగులో ముంచడం మన దేశానికి కొత్త కాదు. రాజస్థాన్, గుజరాత్‌ల బాంధనీ అదేగా! కానీ అదే బకెట్టులో ఈనాటి క్రికెట్ జెర్సీని ముంచి చూడండి. మొదటి ఉతుకుకే రంగంతా నీళ్ళపాలవుతుంది. ఎందుకని?

ప్రతి పోగుకూ తనదైన రంగు కావాలి. ఈ సంగతి కృత్రిమ రంగులు పుట్టిననాడే బయటపడింది. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం హెన్రీ పెర్కిన్ ఈస్టర్ సెలవుల్లో ఇంటి ప్రయోగశాలలో క్వినైన్ చేయబోతే నల్లటి మడ్డి మిగిలింది. దాన్నుంచే 'మావ్' అనే ఊదారంగు వచ్చింది. పట్టుకు అది ఇట్టే పట్టింది, నూలుకు మాత్రం పట్టలేదు. ముందుగా టానిన్‌తో గుడ్డను సిద్ధం చేయాల్సి వచ్చింది. మన కలంకారీ పనివాళ్ళు గుడ్డను కరక్కాయ రసంలో నానబెట్టినప్పుడు పనిచేసేవీ టానిన్లే.

నూలుకు గట్టి పరిష్కారం సరిగ్గా నూరేళ్ళకు దొరికింది. ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్న రియాక్టివ్ రంగులు 1956లో ప్రోసియాన్ పేరుతో బజారుకొచ్చాయి. వీటి అణువులు పోగును అంటిపెట్టుకుని ఊరుకోవు, నూలులోని సెల్యులోజ్‌తో సమయోజనీయ బంధం ఏర్పరుస్తాయి. పొయ్యి అక్కర్లేదు. ఉప్పు, వాషింగ్ సోడా, చన్నీళ్ళు, కొన్ని గంటల ఓపిక చాలు.

పాలిస్టర్ కథ వేరు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ దీన్ని తయారుచేశారు. నీటిని పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది. ఆటగాళ్ళకు నచ్చేది అందుకే, అద్దకానికి అడ్డమూ అదే! నీటినే లోపలికి రానివ్వని పోగు నీటిలోని రంగును ఎలా రానిస్తుంది? సెల్యులోజ్‌లోలా రంగుతో బంధం కలిపే హైడ్రాక్సిల్ సమూహాలు కూడా దీని గొలుసుల్లో లేవు. 1920లలో అసిటేట్ రేయాన్ కోసం పుట్టిన డిస్పర్స్ రంగులే దీనికి దిక్కయ్యాయి. అవి నీటిలో దాదాపు కరగవు, పోగులో కరుగుతాయి. అయితే పోగులోని గొలుసు అణువులు కదిలి చోటివ్వాలంటే బాగా వేడి కావాలి. మిల్లుల్లో మూసిన పాత్రల్లో ఒత్తిడి పెంచి 130 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళతారు. మన గిన్నెలో మరిగే నీరు నూరు దాటదు కనుక ఇంట్లో చాలావరకు లేత రంగులతోనే సరిపెట్టుకోవాలి.

ప్రెషర్ కుక్కర్ ఉందిగా అని హుషారు పాఠకులకు తోచవచ్చు. వద్దు! అద్దకానికి వాడిన పాత్ర మళ్ళీ వంటకు పనికిరాదు. రియాక్టివ్ రంగుల పొడి పీల్చిన కార్మికుల్లో కొందరికి ఉబ్బసం వచ్చినట్లు వైద్యులు గుర్తించారు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

నైలాన్ దుస్తులకు ఇంత తిప్పలు లేదు. రసాయన నిర్మాణంలో అది కొంతవరకు పట్టును పోలినది కనుక, వెనిగర్ కలిపిన వేడినీటిలో ఆసిడ్ రంగులు పడతాయి. అందుకే ముందుగా మెడ దగ్గరి లేబుల్ చదవండి. నూలు, పాలిస్టర్ కలిసిన బట్టయితే చన్నీటి రంగు నూలు పోగులకే పట్టి, మొత్తం వెలిసినట్లుంటుంది. అచ్చమైన నూలు బనీనుకు చక్కగా రంగు పడ్డాక కూడా కుట్లు మాత్రం తెల్లగానే మిగిలితే మీ తప్పేమీ లేదు. ఆ దారం పాలిస్టర్‌ది.