సుబ్బారావుగారి మాత్ర, నా రక్తపరీక్ష చీటీ

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. పాఠశాలలో ఎన్నో ఏండ్లు ఈ సామెతను పిల్లలకు చెప్పాను. నిజానికి ఆ పచ్చదనం కనిపించేది లోకానికి, రోగి కంటిలో. అదికూడా ఆలస్యంగానే. నెత్తుటిలో బిలిరుబిన్ డెసిలీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము వరకు సహజం. అది 2, 3 మిల్లీగ్రాములకు చేరితే తప్ప కన్ను పచ్చబడదు. శాస్త్రకారులు యకృత్తు అన్నదీ, మన ఊళ్లలో కార్జం అనేదీ అయిన కాలేయం, చాలా దెబ్బ తినేవరకు నొప్పి అని కూడా మొరపెట్టుకోదు.

ఈ సంగతి నేను పుస్తకంలో కాక, నా ఒంట్లోనే చదువుకొన్నాను. కీళ్లవాతానికి వైద్యుడు మెథోట్రెక్సేట్ అనే మాత్ర వ్రాసియిచ్చారు. వారానికి ఒక్కనాడే వేసుకోవాలి. మరొకనాడు ఫోలిక్ ఆమ్లం మాత్ర. కొన్ని నెలలకొకసారి నెత్తురు పరీక్ష తప్పనిసరి అన్నారు. వ్రేళ్లు తిరిగి కలం పట్టగలిగిన సంతోషంలో, "ఒంట్లో కులాసాగానే ఉంది కదా, కొండకల్ నుంచి ఈ ఎండలో పరీక్షకు పోవడమెందుకు?" అని రెండు విడతలు దాటవేశాను. తప్పు నాదే. మూడవసారి మా అమ్మాయి పట్టుబట్టి తీసుకొనిపోయింది. చీటీలో ఎస్‌జీపీటీ ఉండవలసినదానికి మూడింతలు దాటి ఉన్నది. కన్ను తెల్లగానే ఉన్నది, ఆకలి బాగానే ఉన్నది!

ఆ అంకె చెప్పేదేమిటి? ఎస్‌జీపీటీ కాలేయ కణాల లోపల పనిచేసే ఎంజైము. కణం గాయపడితే అది నెత్తుటిలోకి కారుతుంది. దాని తోడుదైన ఎస్‌జీఓటీ గుండెలో, కండరాలలో కూడా ఉంటుంది. అందుకే 1954లో న్యూయార్కులో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే వైద్యులు దాని పెరుగుదలను మొదట గుండెపోటు రోగులలో చూపారు. మరుసటి ఏడే కాలేయ రోగాలకూ అన్వయించారు. అంతకు ముందు 1913లో డచ్చి వైద్యుడు వాన్ డెన్ బెర్గ్ నెత్తుటిలో బిలిరుబిన్‌ను రంగు ద్వారా కొలిచే మార్గం చూపారు.

రంగుతో కొలిచే ఈ విద్యలో మన తెలుగువాడి పేరు కూడా ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి, నెత్తుటిలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది జీవరసాయన పాఠ్యగ్రంథాలకెక్కింది. కాలేయ పరీక్షలలో మరొకటైన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను తొలినాళ్లలో లెక్కకట్టిందీ, ఆ ఎంజైము విడదీసే ఫాస్ఫేటును కొలిచే.

ఆశ్చర్యం అక్కడితో ఆగలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన ఆయన నేతృత్వంలోనే 1945లో ఫోలిక్ ఆమ్లపు కృత్రిమ తయారీ జరిగింది. దానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలోనే పుట్టాయి. అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పసివారికి తాత్కాలికంగానైనా ఊరట కలిగించినట్లు 1948లో ప్రకటించారు. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ కాలేయానికి చేయగల కీడును ముందుగా పసిగట్టే ఎంజైము పరీక్ష ఇంకా ఆరేండ్ల దూరంలో ఉన్నది.

నా మందుల డబ్బాలోని రెండు మాత్రలూ ఆయన ప్రయోగశాలవేనని తెలిసిననాడు కళ్లు చెమర్చాయి. మేలుచేసే మందే కీడూ చేయగలదు. ఆ రెంటి నడుమ కావలి ఉన్నది కొలత ఒక్కటే. అయితే ఆ కొలతకూ హద్దున్నది: బాగా మచ్చకట్టిన కాలేయంలో కూడా ఎస్‌జీపీటీ మామూలుగా ఉండవచ్చు. అందువల్ల అంకెను చదువవలసినది వైద్యుడే, మనం కాదు.

వైద్యుడు కొన్ని వారాలు మందు ఆపించారు. అంకె దిగివచ్చింది. ఇప్పుడు తక్కువ మోతాదుతో మళ్లీ వాడుతున్నాను. పరీక్ష తేదీని గోడమీది పంచాంగంలో ఏకాదశుల ప్రక్కనే ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకొంటున్నాను. మీ ఇంట్లో ఈ మాత్ర వాడేవారుంటే, కన్ను పచ్చబడేదాకా ఆగవద్దని నా మనవి.