ఏలియస్ జిమ్మీ వాలెంటైన్ (1915 సినిమా)

ఏలియస్ జిమ్మీ వాలెంటైన్ 1915లో విడుదలైన అమెరికన్ మూకీ నేరకథా చిత్రం. దర్శకుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన మోరిస్ టూర్నర్, కథానాయకుడు రాబర్ట్ వార్విక్. 1910లో హెచ్. బి. వార్నర్ ప్రధాన పాత్రధారిగా న్యూయార్క్‌లో ఆడిన పాల్ ఆర్మ్‌స్ట్రాంగ్ నాటకం దీనికి ఆధారం. ఆ నాటకానికి మూలం ఓ. హెన్రీ కథ ‘ఎ రిట్రీవ్డ్ రిఫర్మేషన్’. బ్యాంకు సొమ్ము కాజేశాడన్న కేసులో ఓ. హెన్రీ స్వయంగా మూడేళ్లకు పైగా ఒహాయో జైల్లో గడిపినవాడు.

పగలు పెద్దమనిషిలా తిరిగే లీ రాండాల్, రాత్రిళ్లు జిమ్మీ వాలెంటైన్ పేరుతో ఇనప్పెట్టెలు కొల్లగొడుతుంటాడు. పట్టుబడి జైలుకెళ్లి, క్షమాభిక్షతో బయటికొచ్చి బ్యాంకులో నిజాయితీగా కొలువు చేసుకుంటుంటే, పాత నేరం తవ్వుతూ డిటెక్టివ్ డోయల్ వచ్చిపడతాడు. సరిగ్గా అప్పుడే ఓ చిన్నపిల్ల బ్యాంకు వాల్టులో చిక్కుకుంటుంది. తలుపు తెరిస్తే పిల్ల బతుకుతుంది, తన గుట్టు రట్టవుతుంది.

ఓ. హెన్రీ కథలో దొంగ పనిముట్లతో ఉక్కు తలుపును తొలుస్తాడు. నాటకం, దాని వెంటే సినిమా, ఆ పనిముట్లను పక్కనపెట్టేశాయి. ఇక్కడి జిమ్మీ వేళ్ల కొసలను శాండ్‌పేపరుతో రుద్దుకుని, తాళం లోపలి కదలికను స్పర్శతోనే పసిగడతాడు. రంగస్థలం కోసం చేసిన ఈ మార్పు మూకీకి మరింత కలిసొచ్చింది. ఆ ఘట్టంలో సంభాషణతో పనే లేదు.

అయితే సినిమాకు పేరు తెచ్చింది నాటకశాలలో చూపడానికి వీల్లేని దృశ్యం. బ్యాంకు దోపిడీ కోసం టూర్నర్ పైకప్పు లేని సెట్ వేయించి, కెమెరాను ఎత్తున నిలిపి కిందికి చూపించాడు. గదులూ నడవలూ ఇంటి ప్లాను కాగితంలా పరుచుకుంటాయి. దొంగలు ఏ గోడ చాటున ఉన్నారో ప్రేక్షకుడికి తెలుస్తుంది, కాపలావాడికి తెలియదు. ఉత్కంఠంతా ఆ తేడాలోనే ఉంది. నాటకాన్ని ఎదురుగా కెమెరా పెట్టి తీసేయడం మామూలైన ఆ రోజుల్లో ఇది సాహసమే.

నిర్మాణం ప్రధానంగా న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో జరిగింది. కొన్ని జైలు దృశ్యాలు సింగ్ సింగ్ అనే అసలు జైల్లోనే తీశారు. వరల్డ్ ఫిల్మ్ కార్పొరేషన్ విడుదల చేసింది. ఇదే కథను 1920లో బెర్ట్ లైటెల్‌తో, 1928లో విలియం హైన్స్‌తో మళ్లీ తీశారు. రెండోది ఎం.జి.ఎం. సంస్థకు పాక్షికంగా మాటలున్న తొలి చిత్రం. 1915 నాటి చిత్రం ప్రతి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది.