కారులో ఛార్జింగ్ పెడుతున్నారా? సాకెట్‌కు ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు.. ట్రిప్‌కు ముందే తెలుసుకోండి!

రామచంద్రపురం: కార్తీక మాసం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో ట్రావెలర్ బండ్లు ఖాళీగా దొరకవు. పక్కనే ద్రాక్షారామం ఉన్నా, ఒక్క రోజులో పంచారామాలన్నీ చూసి రావాలని రామచంద్రపురం నుంచి రాత్రికి రాత్రే బయల్దేరే కుటుంబాలు ఎన్నో. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట.. బండి రోజంతా రోడ్డు మీదే. ఆ తర్వాత శబరిమల యాత్రలు, చలికాలం మారేడుమిల్లి ట్రిప్పులు. ఈ మధ్య లోపలే పడుకుని, వండుకుని వెళ్లే కారవాన్ల మీద కూడా జనానికి మోజు పెరిగింది. కేరళ ప్రభుత్వమైతే 2021లోనే ‘కెరవాన్ కేరళ’ పేరుతో వీటిని ప్రోత్సహించడం మొదలుపెట్టింది.

బండి ఏదైనా ఎక్కగానే అందరూ వెతికేది ఒక్కటే.. ఛార్జింగ్ పాయింట్! పది మంది ఎక్కితే పది ఫోన్లు. వాటికి తోడు ల్యాప్‌టాప్, కెమెరా, పిల్లల పాలకు కెటిల్, పెద్దవాళ్లకు నెబ్యులైజర్. అన్నీ ఆ ఒక్క సాకెట్‌కే పెట్టొచ్చా? పెడితే ఏమవుతుంది? వివరాలు చూద్దాం.

ఆ సాకెట్ అసలు దేనికి?

డ్యాష్‌బోర్డు దగ్గర గుండ్రంగా ఉండే సాకెట్ మొదట సిగరెట్ వెలిగించుకునే లైటర్ కోసం పెట్టింది. తర్వాత అదే పవర్ సాకెట్ అయింది. కార్లు, జీపులు, చిన్న వ్యాన్లలో ఇది 12 వోల్ట్‌ల డీసీ కరెంట్ ఇస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాదాపు 14 వోల్ట్‌లు ఉంటుంది. పెద్ద బస్సులు, లారీల్లో మాత్రం 24 వోల్ట్‌లు. అందుకే కారు ఛార్జర్ తీసి బస్సులో పెట్టే ముందు దాని మీద ‘12-24 వోల్ట్’ అని రాసి ఉందో లేదో చూడాలి. ఒక్క 12 మాత్రమే ఉంటే పెట్టొద్దు, కాలిపోతుంది.

120 వాట్లు.. ఇదే లక్ష్మణ రేఖ

చాలా కార్లలో సాకెట్ మూత మీదే ‘12 వోల్ట్, 120 వాట్’ అని ఉంటుంది. అంటే 10 యాంప్‌ల కరెంట్ వరకే అది తట్టుకుంటుంది. లెక్క చాలా ఈజీ. వస్తువు ఎన్ని వాట్లో చూసి 12తో భాగిస్తే ఎన్ని యాంప్‌లు లాగుతుందో తెలుస్తుంది.

- ఫోన్ ఛార్జింగ్: 10 నుంచి 20 వాట్లు. అంటే 1 నుంచి 2 యాంప్‌ల లోపే. సమస్య లేదు.
- ల్యాప్‌టాప్: 65 వాట్లు. ఇన్వర్టర్ ద్వారా పెడితే మధ్యలో కొంత వృథా అవుతుంది కాబట్టి దాదాపు 6 యాంప్‌లు. పెట్టొచ్చు కానీ ఆ సమయంలో ఇంకేదీ పెట్టకపోవడం మేలు.
- ఇంట్లో వాడే 1500 వాట్ల కెటిల్: 125 యాంప్‌లు. సాకెట్ తట్టుకునే దానికి 12 రెట్లు!
- 700 వాట్ల రైస్ కుక్కర్: 58 యాంప్‌లు. దీనికీ నో.

లిమిట్ దాటితే ముందు ఫ్యూజ్ పోతుంది. అది మంచికే, వైర్లు కాలకుండా కాపాడే కాపలాదారు అదే. చాలామంది పోయిన ఫ్యూజ్ స్థానంలో రాగి తీగ చుట్టేయడమో, ఇంకా పెద్ద ఫ్యూజ్ వేయడమో చేస్తుంటారు. ఇది చాలా డేంజర్. ఈసారి ఫ్యూజ్ బదులు డ్యాష్‌బోర్డు వెనకున్న వైరింగ్ వేడెక్కి అంటుకుంటుంది. ఎన్ని యాంప్‌ల ఫ్యూజ్ పోయిందో అన్ని యాంప్‌లదే వేయాలి. మళ్లీ మళ్లీ పోతుంటే ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

ఒక సాకెట్‌ను మూడు చేసే స్ప్లిటర్లు కూడా దొరుకుతాయి. అవి రంధ్రాలను పెంచుతాయే తప్ప కరెంట్‌ను పెంచవు. మూడింటికీ కలిపి అదే 120 వాట్లు.

ఫోన్ పెట్టినా ఛార్జింగ్ ఎక్కట్లేదా?

కారుతో పాటు వచ్చిన పాత యూఎస్‌బీ పోర్టుల్లో చాలావరకు 5 నుంచి 10 వాట్లే ఇస్తాయి. మ్యాప్స్ ఆన్‌లో ఉండి, స్క్రీన్ వెలుగుతూ, అందరికీ హాట్‌స్పాట్ ఇచ్చారంటే ఎక్కే ఛార్జింగ్ కంటే ఖర్చయ్యేదే ఎక్కువ. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు లాంటి చోట సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోన్ ఇంకా త్వరగా డౌన్ అవుతుంది. అక్కడ ఫ్లైట్ మోడ్ పెట్టడం బెస్ట్.

12 వోల్ట్ సాకెట్‌లో పెట్టే ‘పవర్ డెలివరీ’ ఛార్జర్ తీసుకుంటే ఫోన్ వేగంగా ఎక్కుతుంది. 65 వాట్లు అంతకంటే ఎక్కువ ఇచ్చేదైతే టైప్-సీ ల్యాప్‌టాప్ కూడా ఇన్వర్టర్ లేకుండానే నడుస్తుంది. కేబుల్ కూడా అంత కరెంట్‌ను మోయగలిగేదై ఉండాలి.

ఇన్వర్టర్ కొంటున్నారా?

12 వోల్ట్‌లను ఇంట్లో వచ్చే 230 వోల్ట్‌లుగా మార్చేదే కార్ ఇన్వర్టర్. డబ్బా మీద ‘200 వాట్లు’ అని ఉన్నా, సాకెట్ 120 వాట్లదైతే అంతకు మించి వాడలేరు. పెద్ద ఇన్వర్టర్లను నేరుగా బ్యాటరీకి, మందపాటి వైర్లతో, మధ్యలో ఫ్యూజ్ పెట్టి బిగించాలి. అది తెలిసిన ఎలక్ట్రీషియన్ పని.

ఇంకో విషయం. తక్కువ ధర ఇన్వర్టర్లు ఇచ్చే కరెంట్ ఇంట్లో కరెంట్ అంత శుభ్రంగా ఉండదు. దాన్ని ‘మాడిఫైడ్ సైన్ వేవ్’ అంటారు. ఫోన్ ఛార్జర్లకు ఫర్వాలేదు కానీ మోటార్ ఉన్న వస్తువులు, వైద్య పరికరాలకు ‘ప్యూర్ సైన్ వేవ్’ ఉన్నదే తీసుకోవాలి.

నెబ్యులైజర్, సీపాప్ వాడేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఇది తప్పక చూసుకోవాల్సిన విషయం. నెబ్యులైజర్ కింద లేబుల్ మీద వాట్లు రాసి ఉంటాయి. 120కి దగ్గరగా ఉంటే సాకెట్‌ను నమ్ముకోవద్దు. బ్యాటరీతో లేదా యూఎస్‌బీతో నడిచే చిన్న మెష్ నెబ్యులైజర్లు ఉన్నాయి, డాక్టర్‌ను అడిగి తీసుకోవచ్చు. నిద్రలో వాడే సీపాప్ మెషీన్లలో చాలా మోడళ్లకు కంపెనీలే 12 వోల్ట్ అడాప్టర్ ఇస్తాయి. అందులో నీటిని వేడిచేసే హ్యుమిడిఫైయర్ ఆపేస్తే కరెంట్ ఖర్చు బాగా తగ్గుతుంది. ఏదైనా సరే, ప్రయాణం రోజున కాదు.. రెండు రోజుల ముందే ఇంటి దగ్గర బండిలో పెట్టి టెస్ట్ చేయాలి.

పొద్దున్నే సెల్ఫ్ పడట్లేదా? కారణం ఇదే!

చిన్న కారు బ్యాటరీ 35 నుంచి 45 యాంప్-అవర్ల మధ్య ఉంటుంది. అది ఇంజిన్ స్టార్ట్ చేయడానికి పెట్టింది, రాత్రంతా సామాన్లు నడపడానికి కాదు. సగానికి మించి వాడితే పాడైపోతుంది కూడా. 48 వాట్ల మినీ ఫ్రిజ్ గంటకు 4 యాంప్-అవర్లు తింటుంది. అంటే ఇంజిన్ ఆపి పెడితే ఐదు గంటల్లో సగం బ్యాటరీ ఖాళీ!

కొన్ని బండ్లలో తాళం తీసినా సాకెట్‌కు కరెంట్ వస్తూనే ఉంటుంది. అలాంటి వాటిలో పడుకునే ముందు అన్నీ పీకేయాలి. డిక్కీలో జంపర్ కేబుల్ ఉంచుకుంటే తోసే బాధ తప్పుతుంది.

అసలైన కారవాన్లలో ఇందుకే రెండో బ్యాటరీ పెడతారు. లైట్లు, ఫ్యాన్, ఫ్రిజ్ అన్నీ దాని మీదే. ఇంజిన్ బ్యాటరీ జోలికి పోవు. బండి నడిచేటప్పుడు, లేదా పైకప్పు మీద సోలార్ ప్యానెల్‌తో అది ఛార్జ్ అవుతుంది. అద్దెకు తీసుకునే ముందు ‘రెండో బ్యాటరీ ఉందా, ఎన్ని గంటలు వస్తుంది’ అని అడగడం మర్చిపోవద్దు.

ఛార్జింగ్ కోసం ఇంజిన్ ఆన్ చేసి పడుకోవద్దు

అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. ఏసీ కోసమో, ఛార్జింగ్ కోసమో ఇంజిన్ లేదా జనరేటర్ ఆన్‌లో ఉంచి అద్దాలు మూసి పడుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది.

ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, మత్తుగా నిద్ర రావడం.. ఇవే లక్షణాలు. నిద్రలో ఉన్నవాళ్లకు అవి కూడా తెలియవు. అనుమానం వస్తే వెంటనే అందరినీ బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయాలి.

మరి ఏం చేయాలి?

- బయల్దేరే ముందు రాత్రే ఇంట్లో అన్నీ ఫుల్ ఛార్జ్ పెట్టుకోవాలి.
- బీఐఎస్ గుర్తు ఉన్న 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి ఉంటే సాధారణ ఫోన్‌ను రెండు, మూడు సార్లు నింపొచ్చు. బండి నడిచేటప్పుడు దాన్ని నింపి, రాత్రి దానితో ఫోన్లు పెట్టుకోవాలి.
- పవర్ బ్యాంక్‌ను ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు.
- పాలకు, టీకి వేడినీళ్లు ఫ్లాస్క్‌లో తీసుకెళ్లాలి. 12 వోల్ట్ కెటిల్‌తో అర లీటరు మరగడానికి 20 నిమిషాల పైనే పడుతుంది.
- సాకెట్ గానీ ప్లగ్ గానీ పట్టుకోలేనంత వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా వెంటనే పీకేసి బండి ఆపాలి.