"టు"కి ఒక కథ, "ఇంగ్"కి మరో కథ

మదురై నుంచి తిరునెల్వేలికి పోయే రహదారి మీద విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కోవిల్‌పట్టి అనగానే వేరుసెనగపప్పు, బెల్లం కలిపి చేసే కడలై మిఠాయి గుర్తుకొస్తుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ మిఠాయి మీద రెండు ఇంగ్లిష్ వాక్యాలు చూడండి. "హి స్టాప్డ్ టు ఈట్ కడలై మిఠాయ్." "హి స్టాప్డ్ ఈటింగ్ కడలై మిఠాయ్." మొదటివాడు మిఠాయి తినడానికి దారిలో ఆగాడు. రెండోవాడు, చక్కెర వ్యాధి వచ్చిందో ఏమో, మిఠాయి మానేశాడు. తెలుగులో ఆగడం వేరు, మానడం వేరు కాబట్టి మనకు తికమక లేదు. ఇంగ్లిష్‌లో "స్టాప్" ఒక్కటే. తేడా అంతా దాని వెనక వచ్చే రూపంలో ఉంది.

"టు"తో వచ్చే రూపం ఇన్ఫినిటివ్, "ఇంగ్"తో ముగిసే నామరూపం జెరండ్. ఏ క్రియ వెనక ఏది రావాలన్నది బడిలో పట్టికగా బట్టీ పట్టిస్తారు. "వాంట్, హోప్, డిసైడ్" వెనక "టు". "ఎంజాయ్, ఎవాయిడ్, ఫినిష్" వెనక "ఇంగ్". "లైక్, బిగిన్" వెనక ఏదైనా సరే. ఎందుకలా అని అడిగిన పిల్లవాడికి దొరికే జవాబు "అది అంతే". నిజానికి ఈ పట్టికను ఎవరూ కూర్చుని రాయలేదు. వెయ్యేళ్ళ పాటు రెండు రూపాలు ఒకదాని చోటు ఒకటి ఆక్రమించుకుంటూ వచ్చాయి. ఇవాళ మనం బట్టీ పడుతున్నది ఆ సర్దుబాటులో ఇప్పటికి తేలిన లెక్క.

టు: వైపు చూపించే మాట

వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లిష్‌లో ఇన్ఫినిటివ్‌కు "టు" అక్కర్లేదు. క్రియకు చివర "అన్" చేరిస్తే చాలు: పాడు అనడానికి "సింగన్". ఫలానా పని కోసం అని చెప్పాలంటే మాత్రం ఆ రూపాన్ని నామవాచకంలా చతుర్థీ విభక్తిలోకి మార్చి, ముందు "టు" పెట్టేవారు: "టు సింగెన్నె". అప్పటి "టు" ఒక దిక్కును చూపించే మాట. పనిని ఒక గమ్యంగా నిలిపి, దాని వైపు పోవడాన్ని చెప్పేది. తెలుగు చెవికి ఇది కొత్తేమీ కాదు. "పాడడం" అనే నామరూపానికి "కి" చేర్చి మనం "పాడడానికి" అంటున్నాం కదా, అదే పద్ధతి.

తర్వాత ఇంగ్లిష్‌లో పదాంతాలు అరిగిపోయాయి. "అన్" కాస్తా "ఎన్" అయింది, "ఎ" అయింది, 15వ శతాబ్దం ముగిసేసరికి వినపడకుండా పోయింది. ప్రత్యయం పోయాక ఇది ఇన్ఫినిటివ్ అని చెప్పే గుర్తుగా "టు" మిగిలింది. వాడకం పెరిగేకొద్దీ దాని పాత అర్థం పలచబడింది. 14వ శతాబ్దపు కవి చాసర్ కాలం నాటికి "కోసం" అన్న అర్థం గట్టిగా చెప్పడానికి "టు" ఒక్కటే చాలక "ఫర్ టు" అని రెండూ కలిపి వాడేవారు. "కెన్, మే, మస్ట్" లాంటి సహాయక క్రియల పక్కన మాత్రం పాత ఇన్ఫినిటివ్ "టు" లేకుండానే నిలిచిపోయింది. "కెన్ టు సింగ్" అని ఎవరూ అనకపోవడానికి కారణం ఇదే.

ఇలా జరగడం ఇంగ్లిష్‌కే ప్రత్యేకం కాదు. ప్రయోజనం చెప్పే రూపం కాలక్రమంలో మామూలు ఇన్ఫినిటివ్‌గా మారడం ప్రపంచంలో ఎన్నో భాషలు నడిచిన దారి అని భాషాశాస్త్రవేత్త మార్టిన్ హాస్పెల్‌మత్ 1989లో ఒక వ్యాసంలో చూపించాడు. మన "డానికి" కూడా ఆ దారిలోనే ఉంది. "తినడానికి వచ్చాడు"లో ప్రయోజనం ఉంది. "రావడానికి ఒప్పుకున్నాడు"లో అది పలచబడింది. "చూడడానికి బాగుంది"లో దాదాపు లేదు.

ఇంగ్: పేరు పెట్టే ప్రత్యయం

"ఇంగ్" పుట్టుక వేరు. పాత ఇంగ్లిష్‌లో "ఉంగ్", "ఇంగ్" అనేవి క్రియ నుంచి నామవాచకాన్ని తయారుచేసే ప్రత్యయాలు. నేర్చుకోవడం అనే పనికి "లేఓర్నుంగ్" అని పేరు. నేటి "లర్నింగ్" అదే. అది అచ్చమైన నామవాచకం. దానికి కర్మ నేరుగా అంటదు, షష్ఠీ విభక్తి అడ్డం రావాలి. "పాఠం నేర్చుకోవడం" అనే వీలు లేదు, "పాఠపు నేర్పు" అన్నట్టుగా చెప్పాలి.

"పాడుతూ" అనే అర్థానికి అప్పట్లో వేరే రూపం ఉండేది: "సింగెండె". మధ్యయుగంలో ఇంగ్లండు దక్షిణ, మధ్య ప్రాంతాల్లో ఆ "ఎండె" కూడా పలుకుబడి మారి "ఇంగె" అయింది. రెండు వేరు వేరు రూపాలు ఒకే వేషం వేసుకున్నాయి. "పాడడం", "పాడుతూ" రెండింటికీ "సింగింగ్" ఒక్కటే మిగిలింది. ఈ కలయిక కూడా తోడ్పడిందనుకోవచ్చు, 14వ శతాబ్దం నుంచి నామవాచకమైన "ఇంగ్" క్రియ గుణాలు తెచ్చుకోసాగింది. నేరుగా కర్మను పట్టుకుంది, క్రియావిశేషణాన్ని చేర్చుకుంది. మరో రెండు మూడు శతాబ్దాలకు "బీయింగ్ సీన్", "హావింగ్ సీన్" లాంటి రూపాలూ వచ్చాయి. నేటి "గో ఫిషింగ్"లో పాత చరిత్ర ముక్క ఒకటి దాగి ఉంది. వేటకు పోవడాన్ని ఒకప్పుడు "ఆన్ హంటింగ్" అనేవారు. అది "అ-హంటింగ్" అయింది, చివరికి ముందున్న "అ" కూడా రాలిపోయింది.

అంటే ఒకటి దిక్కు చూపించే మాట, మరొకటి జరిగే పనికి పెట్టిన పేరు. "టు" ఇంకా జరగని పని వైపు చూస్తుంది. "ఇంగ్" పనిని చేతిలో వస్తువులా పట్టుకుంటుంది. "రిమెంబర్ టు లాక్" అంటే తాళం వెయ్యడం మరిచిపోకు అని. "రిమెంబర్ లాకింగ్" అంటే వేసినట్టు గుర్తుండడం. అమెరికన్ భాషావేత్త డ్వైట్ బోలింజర్ 1968లో ఈ తేడాకే సిద్ధాంత రూపం ఇచ్చాడు: ఊహలో ఉన్నదానికి ఇన్ఫినిటివ్, వాస్తవంగా తోచేదానికి జెరండ్. ఈ సూత్రం అన్నిచోట్లా పారదు. "మేనేజ్డ్ టు ఎస్కేప్" అన్నప్పుడు తప్పించుకోవడం జరిగిపోయింది, అయినా "టు"యే వచ్చింది. "సజెస్ట్ గోయింగ్"లో వెళ్ళడం ఇంకా జరగనే లేదు, అయినా "ఇంగ్" వచ్చింది. సూత్రం ఆగిపోయిన చోట చరిత్రను అడగాలి.

సరిహద్దులు జరిగిన శతాబ్దాలు

మధ్యయుగంలో "టు" రూపం విస్తరించి, అంతకుముందు "దట్"తో మొదలయ్యే ఉపవాక్యాలున్న చోట్లలో చాలావాటిని తీసుకుంది. ఆ తర్వాత వంతు "ఇంగ్"ది. 17, 18 శతాబ్దాల ఇంగ్లిష్‌లో "ఎవాయిడ్" వెనక "టు" మామూలుగానే కనిపిస్తుంది. క్రమంగా "ఇంగ్" దాన్ని వెళ్ళగొట్టింది. "అకస్టమ్డ్ టు డూ" 19వ శతాబ్దంలో మంచి ఇంగ్లిష్. ఇవాళ అది "అకస్టమ్డ్ టు డూయింగ్". ఉవె ఫోస్‌బెర్గ్, గుంటర్ రోడెన్‌బుర్గ్ వంటి జర్మన్ పరిశోధకులు పాత గ్రంథాల్లోని వాక్యాలను లెక్కగట్టి ఈ మార్పును పరిశీలించారు.

వ్యాకరణవేత్తలు ఈ కదలికను ఆపడానికో, కనీసం గట్లు కట్టడానికో ప్రయత్నించారు. తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో తెచ్చిన చిన్న వ్యాకరణంలో "ఇంగ్" రూపానికి ముందు "ద" ఉంటే వెనక "ఆఫ్" ఉండాలన్నాడు. ఉంటే రెండూ, లేకపోతే ఏదీ వద్దు. యార్క్‌లోని ఒక బాలికల పాఠశాల కోసం లిండ్లీ మరే 1795లో రాసిన వ్యాకరణం ఇలాంటి నియమాలను వేలమంది విద్యార్థులకు చేర్చింది. 20వ శతాబ్దంలో ఫౌలర్ సోదరులు "హిమ్ కమింగ్" తప్పు, "హిజ్ కమింగ్" ఒప్పు అని పట్టుబట్టారు. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ పెద్ద రచయితల వాక్యాలే సాక్ష్యంగా చూపించి, వాడుకలో ఉన్నదాన్ని తప్పనడం ఏమిటని వాదించాడు. జనం మాత్రం రెండూ వాడుతూనే ఉన్నారు.

పాణిని నుంచి రామనాథపురం దాకా

ఈ రెండు రూపాల తేడా మన పండితులకు ఇంగ్లిష్ రాకముందే తెలుసు. సంస్కృతంలో "పఠితుం" ఒకటి, "పఠనం" ఒకటి. మొదటిది తుమున్ ప్రత్యయంతో వస్తుంది. ఒక పని కోసం మరో పని చేస్తున్నప్పుడు, అదీ భవిష్యత్తును ఉద్దేశించినప్పుడు, తుమున్ వస్తుందని అష్టాధ్యాయి మూడో అధ్యాయం మూడో పాదంలో పాణిని విధించాడు. కోరిక చెప్పే క్రియల పక్కన, కోరేవాడూ చేసేవాడూ ఒకరే అయితే, అప్పుడూ తుమునే అని అదే పాదంలో చెప్పాడు. "వాంట్" వెనక "టు" ఎందుకని అడిగే పిల్లవాడికి ఇది అందమైన జవాబు. తెలుగు వ్యాకర్తలు "చేయ", "చేయన్" రూపాలను తుమర్థకాలు అన్నది ఈ సంప్రదాయం వల్లే.

తెలుగు, తమిళం సంస్కృతం నుంచి పుట్టలేదనే మాట అచ్చులోకి వచ్చింది 1816లో. ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల ముద్రణాలయంలో అచ్చయింది. దాని ఉపోద్ఘాతానికి చేర్చిన వివరణలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఈ సంగతిని నిరూపించాడు. ఎల్లిస్ 1819లో రామనాథపురంలో కన్నుమూశాడు. నేటి విరుదునగర్ జిల్లా 1985 దాకా ఆ రామనాథపురం జిల్లాలో భాగమే. క్యాంప్‌బెల్ వ్యాకరణం వచ్చిన నలభై ఏళ్ళకు, 1856లో, కోవిల్‌పట్టి అప్పట్లో చేరి ఉన్న తిరునెల్వేలి జిల్లాలో, ఇడయన్‌గుడి అనే పల్లెలో స్థిరపడిన రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించాడు.

ఆ తులనకు మన తుమర్థకం మంచి ఉదాహరణ. తమిళంలో "పడిక్క", తెలుగులో "చదవ". రెండింటి చివరా "అ". తమిళంలో అది ఒంటరిగా కూడా బతికే ఉంది: "పడిక్క వందాన్" అంటే చదవడానికి వచ్చాడు. నేటి తెలుగులో అది ఒంటరిగా అరుదు, కానీ ఇతర మాటల లోపల క్షేమంగా ఉంది: "చదవగలడు", "చదవకూడదు", "చదవలేదు". ఇంగ్లిష్‌లో "కెన్" పక్కన పాత ఇన్ఫినిటివ్ నిలిచినట్టే, ఇక్కడా సహాయక క్రియలే దాన్ని కాపాడాయి. నామరూపం సంగతి మరీ రంజుగా ఉంటుంది. కోస్తాలో "చెయ్యడం", తెలంగాణలో "చేసుడు", గ్రంథాల్లో "చేయుట". ప్రయోజనం చెప్పాలంటే అనంతపురం వైపు "చేసేకి", చిత్తూరు, నెల్లూరు వైపు "చేసేదానికి".

తరగతి గదిలోకి

మన దేశపు బడుల్లో ఇన్ఫినిటివ్, జెరండ్ అనగానే తలపుకొచ్చేది రెన్ అండ్ మార్టిన్. పి.సి. రెన్ బొంబాయి ప్రాంతపు విద్యాశాఖలో పనిచేసినవాడు, "బో జెస్ట్" నవలతో పేరు పొందినవాడు. ఆ వ్యాకరణం 1930లలో వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాతి తరాలు చదివిన ప్రతిని సవరించినది ఒక తెలుగు పేరున్న ఆచార్యుడు, ఎన్.డి.వి. ప్రసాదరావు. లక్షల ఇళ్ళలో అట్ట మీద ఆ పేరు చూసిన వాళ్ళుంటారు.

నిర్వచనాల కంటే వాక్య నమూనాలు ముఖ్యమన్న ఆలోచన మరో వైపు నుంచి వచ్చింది. జపాన్‌లో పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తన బృందంతో 1942లో అక్కడే ఒక నిఘంటువు తెచ్చాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్ళీ అచ్చువేసింది. ప్రతి క్రియ పక్కనా అది ఏ నమూనాలో ఒదుగుతుందో, "టు" పడుతుందో "ఇంగ్" పడుతుందో గుర్తు పెట్టడం దాని విశేషం. 1952లో మద్రాసు రాష్ట్రం వాక్య నిర్మాణాలను వరసగా నేర్పే పాఠ్యక్రమాన్ని బడుల్లో పెట్టింది. ఆంధ్రులు అప్పటికి ఆ రాష్ట్రంలోనే ఉన్నారు. 1958లో హైదరాబాదులో ఇంగ్లిష్ బోధనకు కేంద్ర సంస్థ ఏర్పడింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు కేంద్రంగా, దక్షిణాదిలోని కొన్ని మామూలు బడుల్లో, వ్యాకరణ సూత్రాలు చెప్పకుండా పనులు అప్పగించి భాష నేర్పే ప్రయోగం నడిపాడు. పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్న మాత్రం దేనికీ చలించలేదు.

మూడు భాషల ఇల్లు

విరుదునగర్, కోవిల్‌పట్టి ప్రాంతం నల్లరేగడి నేల, తమిళంలో కరిసల్. విజయనగర, మదురై నాయకుల కాలంలో వచ్చిన తెలుగువాళ్ళు తరాలుగా అక్కడే ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడు మొత్తంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. ఇలాంటి ఇంటి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్. మూడింటికీ ఈ రెండు రూపాలున్నాయి. గీత గీసిన చోటే వేరు.

వాళ్ళకైనా మనకైనా తప్పులు ఆ గీతల దగ్గరే దొర్లుతాయి. "కలవడానికి ఎదురుచూస్తున్నా" అనుకుని "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ" అని రాస్తాం. ఆ "టు" ఇన్ఫినిటివ్ గుర్తు కాదు, పాత దిక్కు చూపించే మాటే. అందుకే దాని వెనక నామరూపం "మీటింగ్" కావాలి. దీనికి సులువైన పరీక్ష ఉంది: "టు" తర్వాత ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. "లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్" కుదిరింది కాబట్టి అక్కడ "ఇంగ్" రావాలి. "వాంట్ టు ద హాలిడేస్" కుదరదు కాబట్టి అక్కడ ఇన్ఫినిటివ్. అలాగే "వెళ్ళమని సలహా ఇచ్చాడు" అన్న వాక్యం మనసులో ఉండి "సజెస్టెడ్ టు గో" అంటాం. ఇక "ఎవాయిడ్ టు గో" అన్నందుకు మార్కు పోగొట్టుకున్న విద్యార్థి మూడు వందల ఏళ్ళ కిందట పుట్టి ఉంటే ఆ మార్కు దక్కేది.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. బడి చదువు మధ్యలోనే ఆగింది. తెలుగువాళ్ళ వలస కథను "గోపల్ల గ్రామం"గా 1976లో తమిళంలో రాశాడు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ మధ్యలో, 1982లో, కరిసల్ నేల మాటలన్నీ ఏరి ఒక నిఘంటువు వెలువరించాడు. జనం నోట నలిగిన మాటే ముందు, దాన్ని పుస్తకంలోకి ఎక్కించడం తర్వాత. లౌత్‌కూ ఫౌలర్‌కూ జీర్ణం కానిది ఇదే.

కాబట్టి పట్టిక బట్టీ పట్టే విద్యార్థికి చెప్పదగిన మాట ఇది. కొత్త క్రియ ఎదురైతే ముందు అర్థం అడుగు: పని వైపు చూపా, పని పేరా? సగానికి పైగా చోట్ల ఆ ప్రశ్నే దారి చూపుతుంది. చూపని చోట నిఘంటువు తెరిచి ఇవాళ్టి వాడుక చూసి రాయి. ఆ వాడుక రేపు మారితే నిఘంటువూ మారుతుంది.