కట్టు విప్పేదెవరు?

తెలుగునాట ఉచిత శస్త్రచికిత్సల చరిత్ర చెప్పేవాళ్ళలో చాలామందిది ఒకటే దారి. ముందు దొరల మిషన్ ఆసుపత్రి, తర్వాత కంటి శిబిరం, ఆపైన అమెరికా నుంచో ఇంగ్లండు నుంచో సెలవు పెట్టి వచ్చే మన డాక్టర్లు, చివరికి ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం. దయ ఒక చేతినుంచి మరో చేతికి మారుతూ వచ్చినట్టుంటుంది ఆ కథ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపునుంచి చూస్తే వరస అంత నున్నగా కనబడదు.

మొదటి ఘట్టం తెలిసిందే. 1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టుల ఆసుపత్రి వెలిసింది. అయితే మిషన్ అంటే తెల్లవాళ్ళే అనుకోవడం పొరపాటు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు మిషనరీలను పంపింది 1903లో తిరునెల్వేలిలో పుట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ. దాని స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. వాళ్ళు ఆపరేషన్ కత్తి పట్టినవాళ్ళు కారు, నిజమే. కానీ నిజాం రాజ్యం వాళ్ళకీ పరాయిదే, తెలుగు పరాయి భాషే. పైగా వీళ్ళెవరూ వారం సెలవు మీద వచ్చినవాళ్ళు కారు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు, అజరయ్య 1945లో డోర్నకల్‌లోనే.

శిబిరాల కాలం తీరు వేరు. 1960ల నుంచి 80ల దాకా పల్లెల్లో ఆపరేషన్ అంటే చాలామందికి శుక్లాల ఆపరేషనే, అదీ హైస్కూలు గదిలో. దండోరా వేయించి, బెంచీలు కలిపి బల్ల చేసి, పరికరాలు మరగబెట్టి, ఒక్క పూటలో డజన్ల కళ్ళు తేల్చేవారు. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి డాక్టర్ పి. శివారెడ్డి పేరు ఈ శిబిరాలతోనే ఊరూరా తెలిసింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కెనడా మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ చేస్తున్న పని గురించి విని, కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థకు పునాది వేశారు.

అప్పటి పద్ధతిలో కంటిలోని కటకాన్ని పొరతో సహా తీసేసేవారు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, రోగిని రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. కట్టు విప్పాక సోడాబుడ్డి కళ్ళద్దాలు. పొలంలో అవి పగిలితే మనిషి మళ్ళీ గుడ్డివాడే. లెక్కల్లో మాత్రం చూపు వచ్చినవాడు.

ఈ శిబిరాలు ఎందుకు పోయాయి? చీము పట్టి కళ్ళు పోయిన దుర్ఘటనలవల్ల అంటారు కొందరు, ఆరోగ్యశ్రీ రావడంవల్ల అంటారు ఇంకొందరు. రెండోది తేదీల దగ్గరే తేలిపోతుంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అంతకు ఎంతో ముందే స్కూలు గది ఆపరేషన్లకు కాలం చెల్లింది. అసలు కారణం దయలోనో ప్రభుత్వంలోనో కాదు, కంట్లో పెట్టే చిన్న ప్లాస్టిక్ లెన్స్‌లో వెతకాలి. 1992లో మదురైలో మొదలైన ఆరోలాబ్ దాన్ని చవకగా చేసింది. 1994 నుంచి 2002 దాకా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో నడిచిన ప్రపంచ బ్యాంకు శుక్లాల పథకం డబ్బును స్థిరమైన థియేటర్లవైపు మళ్ళించింది. లెన్స్ పెట్టాలంటే మైక్రోస్కోపు కావాలి, దుమ్ములేని గది కావాలి. స్కూలు బెంచీ పనికిరాదు.

1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ 10,000 మందికి పైగా కళ్ళు పరీక్షించి చేసిన సర్వే, పాత పద్ధతి చాలలేదనడానికి మరో ఆధారం. ఆపరేషన్ అయిన కళ్ళలో గణనీయమైన భాగానికి చూపు సరిగా లేదని అందులో తేలింది. రెండు మినహాయింపులు మాత్రం చెప్పుకోవాలి. ఈ మూడు ఊళ్ళూ అప్పట్లో ఉన్న వరంగల్ జిల్లా ఆ సర్వేలో లేదు. శిబిరం కంటే స్థిర కేంద్రమే మేలని నమ్మిన సంస్థే ఆ సర్వే చేసింది. అయినా వాదన నిలబడుతుందనే అనిపిస్తుంది.

అయితే మార్పువల్ల అందరికీ ఒకేలా మేలు జరగలేదు. శిబిరం పరీక్షలకే పరిమితమై, ఆపరేషన్ పట్నానికి మారింది. జనగామ, మహబూబాబాద్‌లకు రైలుంది, కాజీపేట చేరడం తేలిక. భూపాలపల్లికి ప్రయాణికుల రైలు లేదు. కంటి సంస్థ వ్యాను ఒకసారి తీసుకుపోయి దింపవచ్చు. రెండోసారి చూపించుకోవడానికి ముసలమ్మ సొంత ఖర్చుతో బస్సెక్కాలి. ఎన్ని లోపాలున్నా పాత శిబిరం ఆమె ఊరికి వచ్చేది.

విదేశీ బృందాల విషయంలోనూ తగాదా ఇదే: వచ్చిపోవడమా, ఇక్కడే నిలబెట్టడమా. 1969లో మొదలైన అమెరికా సంస్థ ఇంటర్‌ప్లాస్ట్ సర్జన్లను విమానాల్లో పంపింది. 1999లో వచ్చిన గ్రహణమొర్రి ఆపరేషన్ల సంస్థ స్మైల్ ట్రైన్ డబ్బును, శిక్షణను స్థానిక సర్జన్లకే ఇస్తానంది. మనవాళ్ళూ రెండు దారులూ తొక్కారు. ఎల్.వి. ప్రసాద్ సంస్థ లైబీరియా రాజధాని మన్రోవియాలో కంటి కేంద్రం నిలబెట్టడానికి చెయ్యి కలిపింది. 2023లో ఇంగ్లండు నుంచి తెలుగు సర్జన్ వెంకట రమణ దన్నపునేని బృందం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రికి వచ్చి పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేసింది. ఆ వారం పని గొప్పదే. కానీ విమానం ఎక్కేవాళ్ళు ఎక్కాక, రాత్రిళ్ళు ఆ పిల్లల మానిటర్లు చూసేది ఐసీయూ నర్సులు. వాళ్ళ పేర్లు పత్రికల్లో రావు.

తొందరపాటు శిబిరం ఇంకా పూర్తిగా పోలేదనడానికి రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సాక్ష్యం. 2022 ఆగస్టు 25న అక్కడ ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. అలాంటి శిబిరాలు మానేయమని సుప్రీంకోర్టు చెప్పింది 2016లో.

ఆ 2016 అక్టోబరులోనే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. ఇది చిన్న మార్పేమీ కాదు. కానీ కళాశాల బోర్డు పెట్టినంత తేలిగ్గా మత్తు డాక్టరు దొరకడు, దొరికినా జిల్లాలో నిలవడు. పత్రికలకెక్కే వలంటీరు బృందాలు ఎక్కువగా హైదరాబాద్, విజయవాడ దగ్గరే ఆగుతున్నాయి. వాళ్ళలో ఒక్క బృందమైనా భూపాలపల్లి థియేటర్లో, అక్కడి నర్సుల పక్కన నిలబడి, ఏటా అదే నెలలో తిరిగి వస్తే, నిరుడు కోసిన గాయం ఎలా మానిందో వాళ్ళే చూసుకోవచ్చు. ఇప్పుడు వాళ్ళు విడుదల చేసే ప్రకటనల్లో ఎన్ని ఆపరేషన్లు చేశారో ఉంటుంది, ఆరు వారాల తర్వాత రోగి పరిస్థితి ఏమిటో ఉండదు.